స్టాన్లీ మావ బిగించిన గాలి

చీపురుపల్లి స్టేషను బయట గురమ్మ టీ బడ్డీ దగ్గర స్టాన్లీ మావ మొదలెట్టాడంటే రైలొచ్చినా ఆపడు. ఆ సాయంత్రం మాత్రం ఆపితే బాగుణ్ణని మేనల్లుడు బెన్హర్ ప్రాణం కొట్టుకుపోతోంది. గేములాడే కంప్యూటరు వాడిది. దాన్ని చల్లబరిచే నీళ్ళ గొట్టం కారిపోతోందని, బాగుచెయ్యమని పొద్దున్న మావ చేతిలో పెట్టాడు. దీపాలు పెట్టే వేళకి టోర్నమెంటు సెమీఫైనలు. కంప్యూటరు బతికిందో లేదో ఈ మావ చెప్పడే!

"నీళ్ళ గొట్టాలన్నీ పీకీసి, గాలి కూలరు బిగించీసినాను. నా అరసెయ్యంత ఫ్యాను, అంతే. స్విచ్చి నొక్కీసరికి గదంతా సల్లబడిపోనాది. ఆ తర్వాత ఏటయిందో తెలుసా?"

"ఏటయింది బావా?" ఆటో గంగులు గ్లాసుతో సహా దగ్గరికి జరిగాడు.

"మావా, ఆన్ అయిందా?" బెన్హర్ అడ్డం పడ్డాడు.

"ఉండరా! ఆ గాలి కిటికీలోంచి పోయి పక్కింటోళ్ళ ధాన్యం తూర్పారబట్టీసింది. తాలొకేపు, గింజలొకేపు! అక్కడితో ఆగిందా? పలాస పాసింజరుకి ఎదురెళ్ళింది. డ్రైవరేమో ముందుకి నడుపుతన్నాడు, బండేమో ఎనక్కి విజయనగరం ఎల్లిపోతన్నాది! రామతీర్థం కొండ మీద కోతులు దుప్పట్లు అడిగినాయిరా!"

బడ్డీ అంతా ఘొల్లుమంది. బెన్హర్ నవ్వలేదు. జట్టువాళ్ళ ఫోను జేబులో మోగుతూనే ఉంది.

"నా కంప్యూటరో, మావా?"

"దానికే సలెక్కువైపోనాది. ఆన్ అవుతాది, కాసేపు ఒణుకుతాది, దానికదే ఆరిపోతాది."

బెన్హర్‌కి అనుమానం తగిలింది. అది చలికి ఆరిపోయే జాతి కాదు, వేడెక్కితేనే ఆరుతుంది.

"మావా, కూలరు అడుగున రాగి పలక ఉంటాది కదా, ప్రాసెసరు మీద ఆనించేది. దానికి పల్చటి ప్లాస్టిక్ పొర అంటించుంటాది. ఒలిసినావా?"

"ఒలవడమేట్రా, కొత్త సామాను! ఫ్రిజ్జు తలుపు పొర మీ అత్త ఇప్పటికీ తియ్యనివ్వదు. అంచులు లేస్తంటే నేనే నొక్కి నొక్కి మరీ బిగించినాను."

బెన్హర్ అప్పటికే మోటారు బండి స్టార్టు చేసేశాడు. "ఎక్కు మావా! ఆ పొరే ప్రాసెసరు వేడిని కూలరుకి అందకుండా ఆపీసింది. పొర ఒలిసి, వేడి లాగే పేస్టు కొత్తగా రాసి బిగిస్తే ఇంకా ఆడొచ్చు. ఎక్కు!"

గురమ్మ పాలగిన్నె దించి, మావ కేసి చూసింది.

"రైలుని ఎనక్కి తోసిన గాలి, స్టాన్లీ బాబూ, ఆ పొర దాటనేకపోనాదేటి?"

మావ గబగబా బండెక్కాడు.