ఒక్కతే ఉన్న క్లాసు

నలభై మంది పట్టే వృక్షశాస్త్రం ల్యాబులో ఉన్నది ఇద్దరే ఇద్దరు: బీయస్సీ లైఫ్ సైన్సెస్ ఆఖరి సంవత్సరం చదివే అమ్మాయి, ఆ అమ్మాయికి పాఠం చెప్పే మేడం.

"రోల్ నంబర్ వన్."

"ఆబ్సెంట్ మేడం. పెళ్ళయిపోయింది."

"కారణాలడగలేదు నేను. టూ."

"ఆబ్సెంట్. కంప్యూటర్స్‌కి మారిపోయాడు."

"త్రీ."

"ప్రెజెంట్ మేడం."

"ఫోర్."

"ఆబ్సెంట్. ఎందుకో ఎవరికీ తెలీదు. రోజూ ఇదంతా అవసరమా మేడం? ఎదురుగా నేనొక్కదాన్నే కనబడుతున్నాగా."

"క్లాసన్నాక హాజరుండాలి. నువ్వొక్కదానివే కదా అని నేను బల్లెక్కి కూర్చుని, కాళ్ళూపుకుంటూ పాఠం చెప్తే బాగుంటుందా? అంత వెనక కూర్చున్నావేం? ముందుకి రా."

"ఇక్కడ వెలుగు బాగుంది మేడం."

"మైక్రోస్కోపేమో ఇక్కడ, నీ వెలుగేమో అక్కడ. సరిపోయింది! రావే మొక్కా."

"మీరు కూడా మొక్కా అంటే ఎలా మేడం? కెమిస్ట్రీ క్లాసులో వాళ్ళనేది చాలదూ!"

"వాళ్ళేమంటారు?"

"నన్ను ఇంకో సెక్షన్‌తో కలిపి కూర్చోబెడతారుగా, ఆ చివర మూల. నేను లోపలికి రాగానే, మొక్కొచ్చింది, నీళ్ళు పొయ్యండ్రా అంటారు."

"నువ్వేమంటావ్?"

"నవ్వుతా. ఏమంటాను? ఏదో ఒకటి అని పిలుస్తున్నారు కదా, అంతే చాలు."

"వాళ్ళ మొహం. సరే, ఇవాళ కాండం అడ్డుకోత. ఈ లేత కొమ్మ తీసుకో. బ్లేడు తడుపు. నీ వైపుకి లాగాలి, గుర్తుందిగా? రంపం పెట్టి కోసినట్టు ముందుకీ వెనక్కీ ఆడించకూడదు."

"మేడం, ఒక మాట చెప్పాలి."

"కోస్తూ చెప్పు."

"కోస్తూ చెప్పేది కాదు."

"అయితే కోశాక చెప్పు. ఇదేంటిది? కూరకి తరుగుతున్నావా? ఇంత మందం ముక్కలోంచి వెలుగెలా పోతుందమ్మా? ఉండు, ఆ మొహమేంటి, అలా వాడిపోయింది?"

"పొద్దున ఏమీ తినలేదు."

"ఎందుకు తినలేదు?"

"తినబుద్ధి కాలేదు. మేడం... నేను మానేస్తున్నా."

"తిండా?"

"కాలేజీ."

"ఇంకో కొమ్మ తీసుకో."

"మేడం, విన్నారా?"

"విన్నా. నాకింకా చెవుడు రాలేదు. ఇంకో కొమ్మ తీసుకో, ఇది నలిగిపోయింది."

"నాకు వేరే కోర్సులో సీటొచ్చింది. ల్యాబ్ టెక్నీషియన్. ఆస్పత్రిలోనే నేర్పిస్తారు."

"ఏ ఆస్పత్రి?"

"పెద్దదే మేడం."

"పెద్దదానికి పేరుండదా?"

"ఉంటుంది. చాలా పొడుగు పేరు. నోరు తిరగదు."

"స్క్లీరెంకైమా అంటే తిరిగిన నోరు, ఆస్పత్రి పేరుకి తిరగలేదా?"

"సోమవారం చేరాలి మేడం."

"ఇంటర్వ్యూ అయిందా?"

"అయింది."

"ఏమడిగారు?"

"రక్తం గురించి."

"రక్తం గురించి ఏం?"

"ఎర్రగా ఎందుకుంటుందని."

"పలక పట్టుకొచ్చిన పిల్లనడిగినట్టు అడిగారే!"

"చాలామంది వచ్చారు మేడం. అందర్నీ తలా ఒక ప్రశ్నే అడిగారు."

"మీ అమ్మకి తెలుసా?"

"తెలుసు."

"నాన్నకి?"

"అమ్మ చెప్తానంది."

"అంటే ఇద్దరికీ తెలీదు. ఏమ్మా, ఇంకో రెండడుగులేస్తే డిగ్రీ చేతికొస్తుంది కదా. ఇప్పుడు దీన్ని గాలికొదిలేసి, మళ్ళీ మొదట్నుంచి మొదలెడతావా? ఎవరు ఎక్కించారు నీకీ బుద్ధి?"

"ఎవరూ ఎక్కించలేదు."

"నేను పాఠం సరిగ్గా చెప్పట్లేదా?"

"అయ్యో, అదేం మాట మేడం!"

"మరి? నోరు విప్పు. ఇక్కడ నువ్వూ నేనూ తప్ప పురుగు కూడా లేదు."

"అదే మేడం. అదే నా ఏడుపు. మీరూ నేనూ తప్ప పురుగు కూడా లేదు. పక్కన బ్లేడందించే మనిషి లేదు. తప్పు చెప్తే నవ్వేవాళ్ళు లేరు. మీరు బోర్డు వైపు తిరిగితే గుసగుసలాడ్డానికి ఎవరున్నారు? క్లాస్ ఫస్టూ నేనే, క్లాస్ లాస్టూ నేనే. మొన్న నా పుట్టినరోజుకి చాక్లెట్లు తెచ్చా. ఎప్పుడూ తెచ్చే అలవాటు కదా అని తెచ్చేశా. పంచడానికి ఎవరూ లేక, తిరిగి ఇంటికే పట్టుకుపోయా."

"నాకివ్వచ్చుగా!"

"మీకు షుగరుగా మేడం."

"ఒకటి తింటే చచ్చిపోతానా?"

"ఇద్దామనే అనుకున్నా. మీరు హాజరు పిలుస్తుంటే ఎందుకో ఏడుపొచ్చింది. ఒక్కదాన్నే కూర్చోలేక చస్తున్నా మేడం. నిజంగా."

"నాకు మాత్రం పండగలా ఉందా? ఖాళీ బెంచీల మొహం చూస్తూ చెప్తుంటే, నా గొంతు నాకే వినబడుతుంది. నువ్వు తలెత్తి ఊఁ అంటే ముందుకి కదుల్తా, లేకపోతే లేదు. నీకు జ్వరమొచ్చిన రోజు ఏం చేశానో తెలుసా? తాళం తీశా, ఫ్యాన్ వేసుకుని కాసేపు కూర్చున్నా, మళ్ళీ తాళం వేసి వెళ్ళిపోయా. ఎవరికీ చెప్పలేదు ఈ సంగతి. నవ్వుతారు."

"మరి మీరు వెళ్ళిపోవచ్చుగా మేడం."

"ఎక్కడికి?"

"మీ అక్కయ్యగారి దగ్గరికి."

"మా అక్క సంగతి నీకెవరు చెప్పారు?"

"మీరే చెప్పారు."

"నేనా? ఎప్పుడు?"

"ఏమో మేడం, ఏదో పాఠం మధ్యలో. పడ్డారన్నారు."

"పాఠం మధ్యలో ఇంటి సంగతులు చెప్పే అలవాటు నాకు లేదే."

"చెప్పి మర్చిపోయుంటారు."

"ఏమో, ఈమధ్య అలాగే ఉంది నా వాలకం. కళ్ళజోడు నెత్తి మీద పెట్టుకుని ఇల్లంతా వెతికా నిన్న. అవును, పడింది. తుంటి విరిగింది. మంచం మీదే అన్నీ. పనిమనిషొచ్చి ఇంత వండి అక్కడ పడేసి పోతుంది. ఆ తర్వాత మంచినీళ్ళు కావాలన్నా మర్నాటిదాకా ఆగాల్సిందే. పోనీలే, నీకెందుకివన్నీ?"

"చెప్పండి మేడం."

"అమ్మ పోయాక నన్ను పెంచింది అదే. జడేసి, క్యారేజీ కట్టి, కాలేజీకి పంపింది. నాకు మార్కులొస్తే వీధంతా చెప్పుకొచ్చేది. ఇప్పుడు ఒక్కసారి రావే అంటుంది. డాక్టరేమో గట్టిగా ఏమీ చెప్పడు, దాటేస్తున్నాడు. పరీక్షలయ్యాక వస్తానక్కా అన్నా. సరేలే అంది. సరేలే అని కూడా చాలాసేపు ఫోన్ పెట్టలేదు."

"పరీక్షలయ్యేదాకా ఉంటారా ఆవిడ?"

"నోర్ముయ్! అలాంటి మాటలనచ్చా?"

"తప్పయింది మేడం. కానీ... వెళ్ళలేదేం మరి?"

"క్లాసుందిగా."

"వెళ్తే ఉద్యోగం తీసేస్తారా?"

"ఉద్యోగమా! ఏ ఉద్యోగం, పిచ్చిమొహమా? అది పోయిన వేసవిలోనే అయిపోయింది. రిటైరయ్యా. మీకు సెలవులప్పుడు వీడ్కోలు సభ కూడా పెట్టారు, నేను బాగా మాట్లాడానని అందరూ చప్పట్లు కొట్టారు."

"మరి రోజూ..."

"ఒక్క పిల్ల కోసం కొత్త మనిషిని వెయ్యలేం, ఆ అమ్మాయిని ఇంకేదో కోర్సులోకి తోసేస్తాం అన్నారు. నాకు ఒళ్ళు మండింది. పిల్లేమన్నా పాత బీరువానా, ఇక్కణ్ణించి అక్కడికి తోసెయ్యడానికి? నేనే వస్తా, ఊరికే వస్తా, దాని డిగ్రీ దాని చేతిలో పెట్టి పోతా అన్నా."

"నాకెందుకు చెప్పలేదు మేడం?"

"చెప్తే నువ్వు స్థిమితంగా చదువుతావా? ఇప్పుడూ చెప్పేదాన్ని కాదు, కోపంలో నోరు జారింది. నాకెంత కోపంగా ఉందో తెలుసా నీ మీద?"

"తెలుసు మేడం."

"ఏం తెలుసు నీకు? కన్నతల్లి లాంటిదానికి రానని చెప్పా, నీ కోసం. నువ్వేమో రక్తం ఎర్రగా ఎందుకుంటుందో చెప్పేసి, సీటు సంపాదించుకొచ్చావ్!"

"సారీ మేడం."

"సారీ అట, సారీ. ఆ కళ్ళు తుడుచుకో ముందు. నేను అరుస్తుంటే నువ్వేడుస్తావేంటి, నాకిక అరవబుద్ధి కాదు."

"అయితే ఇక మీరు వెళ్తారుగా?"

"వెళ్ళక? ఎవరికి చెప్పను పాఠం, గోడలకా?"

"ఎప్పుడెళ్తారు?"

"ఏం తొందర నీకు?"

"ఊరికే. ఊరికే అడిగా."

"ఈ సాయంత్రమే బండెక్కేస్తా. కబురు కూడా చెయ్యను. తలుపు తోసుకుని వెళ్ళి నించుంటే, ఎవరే అది అని ఊరెగిరిపోయేలా అరుస్తుంది. తర్వాత నా మొహం చూసి, ఇప్పుడు గుర్తొచ్చానా అని తిడుతుంది. ఒక పూటంతా తిడుతుంది, చూడు."

"తిట్టించుకోండి మేడం."

"తిట్టించుకుంటా. నిజం చెప్పు, నీకు ఆ కోర్సు ఇష్టమేనా?"

"ఇష్టమే."

"నన్ను చూసి చెప్పు."

"ఇష్టమే మేడం."

"క్లాసులో చాలామంది ఉంటారా?"

"బోలెడంత మంది. బెంచీకి నలుగురట. ఇరుక్కుని కూర్చోవాలంట."

"అయితే మంచిదే. పక్కన ఎవరో ఒకరుంటారు."

"ఉంటారు మేడం."

"చాక్లెట్లు పంచచ్చు."

"పంచచ్చు."

"ఇప్పుడు కోపం తగ్గింది నాకు. నిజంగానే తగ్గింది. నీ వయసు పిల్ల ముసలి మొహం ఒక్కటే చూస్తూ ఎన్నాళ్ళని కూర్చుంటుంది? నాకే తట్టాల్సింది. ఆ గిన్నెలో తేలుతోందేంటి?"

"ఇందాక కోసింది. మీరు తిడుతున్నప్పుడు కోసిందే."

"బ్రష్‌తో తియ్యి, నెమ్మదిగా. స్లైడ్ మీద పెట్టు. రంగు ఒక్క చుక్క చాలు. గాజుపలక ఏటవాలుగా దించు, బుడగ రాకూడదు... అబ్బ! చూడు, ఎంత పల్చగా వచ్చిందో. ఇన్నాళ్ళలో ఇంత బాగా ఎప్పుడూ కొయ్యలేదు నువ్వు. ఒక్కో కణం లెక్కపెట్టచ్చు. ఏం, చూడవేం?"

"కనబడట్లేదు మేడం."

"ఫోకస్ చేసుకో."

"చేశా. అయినా కనబడట్లేదు."

"అలా ఏడుస్తూ చూస్తే ఏం కనబడుతుంది? లే, లెన్సు తడుస్తుంది. ఇటు రా. ఇలా రా నా దగ్గరికి. పిచ్చిపిల్ల, వెళ్ళేది నువ్వే, ఏడ్చేదీ నువ్వే!"

మర్నాడు, కాలేజీ ఆఫీసు. కిటికీ లోపల గుమాస్తా, బయట అమ్మాయి.

"రామ్మా, రా. టీసీ కోసం వస్తావని మీ మేడం నిన్న చెప్పే వెళ్ళారు."

"వెళ్ళిపోయారా సార్? బండెక్కడం మీరు చూశారా?"

"సంచీ నేనేగా అందించింది. ఎక్కి కూర్చుని, కిటికీలోంచి ఒకటే చెప్పడం, మా పిల్ల ఆస్పత్రిలో చేరుతోంది, అక్కడ దానికి తిరుగుండదు, చూడండి అని. మురిసిపోయారనుకో."

"మురిసిపోయారా?"

"ఆఁ. అసలా మొహంలో అంత కళ నేనెప్పుడూ చూడలేదు. ఇంతకీ ఏ ఆస్పత్రి? టీసీ ఎందుకో ఇక్కడ రాయాలి."

"రాయకపోతే ఇవ్వరా?"

"ఏదో ఒకటి రాయాలి కదమ్మా."

"ఇంటి కారణాలని రాసెయ్యండి సార్."

"అదేంటి, బంగారంలాంటి సీటొస్తే చెప్పుకోడానికి సిగ్గెందుకు? చెప్పు, రాస్తా."

"ఎవరికీ చెప్పనంటే చెప్తా."

"నాకెవరున్నారమ్మా చెప్పడానికి?"

"ఏ ఆస్పత్రీ లేదు సార్. నాకెక్కడా సీటు రాలేదు."

"ఓరి దేవుడా! మరి ఈ టీసీ ఎందుకు? మతిగానీ పోయిందా నీకు? పోనీ, ఇప్పటికైనా మించిపోయింది లేదు. ఆవిడ ఎటూ వెళ్ళిపోయారు, నీ పేరు ఇక్కడే ఉండనీ. నీ పాటికి నువ్వు చదువుకుని పరీక్ష రాసుకో."

"పేరుంటే ఆవిడ తిరిగొచ్చేస్తారు సార్. మీకు తెలీదు ఆవిడ సంగతి."

"వస్తే రానీ. చేతికందిన డిగ్రీ వదులుకుంటారా ఎవరైనా? అంత కొంపలేం మునిగాయి?"

"మొన్న మేడం కిందికెళ్ళినప్పుడు ల్యాబులో ఫోన్ మోగింది, నేనెత్తా. వాళ్ళక్కయ్యగారు, పడి మంచం మీదున్నారట."

"నీ వల్లే మా చెల్లి రావట్లేదని తిట్టిందా?"

"తిడితే ఎంత బాగుండేది సార్. నువ్వేనా తల్లీ ఆ ఒక్క పిల్లవి, బాగా చదువుకో, నేను ఫోన్ చేశానని దానికి చెప్పకు, మీ పాఠం పాడవుతుంది అన్నారు."