దేవదానం ర్యాంపు లాంటిదే

తెనాలిలో నందివెలుగు రోడ్డు పక్కన శాలేమురాజు వెల్డింగ్ షాపు. పెళ్లి ఊరేగింపులకు గుర్రం తిప్పే రేపల్లె ఉమాశంకర్ తన ట్రాలీ బండిని షాపు ముందు ఆపించి, భుజం మీది తుండుగుడ్డ తీసి నేలమీద పరిచాడు.

"ఈ ముడి నుంచి ఈ ముడి దాకా పొడుగు. ఇటు చూడు, ఇది వెడల్పు. ఇంకేం అడక్కు రాజూ. టేపు పెట్టి రాసుకో."

"తుండుగుడ్డతో కొలుచుకొచ్చారేంటి బాబాయ్?"

"టేపు తీస్తే జనం చూడరా? పొన్నూరులో టీకి బండి ఆపాడు ఆ బాపట్ల గుర్రం దేవదానం. ర్యాంపు మడిచి తలుపులా నిలబెట్టి ఉంది. చెమట తుడుచుకుంటున్నట్టు తుడుచుకుని కొలిచా."

"దేవదానం గారి ర్యాంపా ఇది."

"నీ చేతి పనేగా. మళ్లీ అడుగుతావేంటి?"

"నా చేతి పనే. అందుకే చెప్తున్నా, మీకిది వద్దు."

"వాడికి ముద్దయింది నాకు వద్దా?"

"గుర్రానికి ఇంత పొడుగు అక్కర్లేదు. మీ బండి ఎత్తుకి ఇందులో సగం చాలు. కింద యాంగిల్ కొట్టి, మీద గరుకు రేకు వేసి, రెండు బందులు పెడితే సరి. లేపితే తలుపు, దించితే ర్యాంపు. సాయంత్రానికి తీసుకుపోవచ్చు."

"వాడికి మొత్తం, నాకు సగం."

"అదికాదు బాబాయ్. అంత పొడుగైతే రెండు మడతలు పెట్టాలి. బరువు. ఒక్కళ్ల వల్ల కాదు లేపడం."

"వాడు లేపట్లా?"

"లేపుతున్నాడు."

"మరి?"

"ఆయన సంగతి వేరు."

"అదే, ఏంటి వేరు? నా గౌరి తెల్ల గుర్రం. సున్నం కొట్టిన గోడలా ఉంటది. వాడి చుక్క మట్టి రంగు. డప్పు మోగితే నా గౌరి ముందు కాళ్లు రెండూ ఎత్తి ఆడుద్ది, వాడిది తలకాయ ఊపుద్ది అంతే. అయినా బాపట్ల వాళ్లు ఏమన్నారో తెలుసా? ఆ ర్యాంపున్న ఆయన్ని పిలవండి అన్నారు. గుర్రాన్ని కాదయ్యా. రేకుని చూసి గుర్రాన్ని మాట్లాడుకుంటున్నారు."

"గౌరిని ఎట్టా దించుతున్నారు ఇప్పుడు?"

"కాలవ గట్టుంటే గట్టుకి ఆనిస్తా. లేదంటే ఇసక గుట్ట. ఏదీ లేకపోతే దూకుద్ది. మొన్న కొల్లూరులో దూకి పెళ్లికొడుకు మేనమామ పంచె నిండా బురద చేసింది. ఊరంతా నవ్వారు. వాడిది దిగుద్ది చూడు, అడుగు మీద అడుగేసుకుంటా, పెళ్లికూతురు పీటల మీదికి వస్తన్నట్టు. ఫోన్లన్నీ పైకి లేస్తాయి."

"మీరు చూశారా?"

"చూడకేం. వాడి పెళ్లిళ్లన్నిటికీ పోతా."

"పిలుస్తారా మిమ్మల్ని?"

"బస్సు చాటున నిలబడి చూడ్డానికి శుభలేఖ కావాలా ఏంటి?"

"సర్లెండి. సగం పొడుగుకి రేకు కోస్తన్నా."

"కొయ్యబాక. ఇంకా చెప్పేదుంది. పక్కన నడుం ఎత్తున పైపులున్నాయి. అవీ కావాలి."

"గుర్రం డొక్కలకి కొట్టుకుంటాయి బాబాయ్."

"వాడు గుర్రం దిగేటప్పుడు పెట్టడు. దాన్ని దించి, తీసుకెళ్లి స్తంభానికి కట్టేసి, అప్పుడొచ్చి బిగిస్తాడు. చూశాగా. ఎందుకంటావు?"

"ఏమో."

"ఏమో కాదు. షోకు. గుర్రం దిగినా ర్యాంపు మాత్రం అందరికీ కనపడాలి."

"అంతేలెండి. షోకే."

"మరి అంచుల్లో రెండు వేళ్ల ఎత్తు పట్టీ ఎందుకు కొట్టావు?"

"కాలు అంచు దాటకుండా."

"రెండు వేళ్ల పట్టీ గుర్రం కాలుని ఆపుద్దా?"

"ఆపదు."

"మరి?"

"ఆయన పెట్టమన్నాడు, పెట్టా."

"ఆ నల్ల రబ్బరు?"

"అదీ ఆయనే."

"ఏదడిగినా ఆయనే. మీరూ మీరూ ఒకటి."

"ఆయన చర్చి బాపట్లలో, నా చర్చి తెనాల్లో. ఎక్కడొకటయ్యాం బాబాయ్?"

"వాడిలో ఒక్క లోపం చెప్పు రాజూ. ఒక్కటి దొరికితే చాలు నాకు. మిగతాది నేను చూసుకుంటా."

"కొంచెం జరగండి. నిప్పురవ్వలు పడతాయి."

"పెళ్లాన్ని కూడా వెంటేసుకు తిరుగుతాడు. సుజనంట. ముందు సీట్లో కూచుంటే మామూలైపోద్దని, వెనక గుర్రానికి అడ్డం కట్టించి ఇవతల ఆవిడకి చోటు చేశాడు. పలకల పైన మొహం ఒక్కటే కనపడుద్ది. తల్లో పూలు. దిగదు, మహారాణి. చుక్క వంటి మీద అద్దాల గుడ్డ ఉంటది చూడు, అది ఆవిడే కుట్టిందంట. నా గౌరి గుడ్డ చిరిగితే నేనే కుట్టుకోవాలి."

"పద్మజ పిన్ని రాదా పెళ్లిళ్లకి?"

"దాని మాటెందుకిప్పుడు?"

"ఊరికే అడిగా."

"ఊరికే అడగొద్దు."

"బాబాయ్, ఒక మాట చెప్తా వినండి. ఆయన్ని చూడ్డం మానేయండి. మీ పని మీరు చేసుకోండి."

"చేసుకోక ఊరుకున్నానా? పోయిన నెల ఒక దెబ్బ కొట్టా."

"ఏం చేశారు?"

"బాపట్లలో ఆ కల్యాణ మండపం మేనేజరు మనకి తెలిసినవాడే. దేవదానం బండి లోపలికి రానిచ్చారా, ఆ ఇనప రేకు మీ గచ్చు పగలగొడుద్ది అని చెవిలో వేశా. అంత బాగా పనిచేస్తదనుకోలా. ర్యాంపు దించనివ్వలేదు. చుక్క దూకింది, అచ్చం నా గౌరి దూకినట్టే. కళ్లారా చూశా."

"ఆ రోజు అసలు దించనే లేదా ర్యాంపు?"

"ఎక్కడ దించనిస్తారు. ఊరేగింపు పోయి వచ్చిందాకా బండి అట్టానే ఉంది."

"ఆవిడ?"

"లోపలే. భోజనాలకి కూడా దిగలేదంటే చూడు ఎంత పొగరో. నేను పక్కనుంచి పోతన్నా, పలకల సందులోంచి పిలిచింది. అన్నయ్య గారూ, కాసిని మంచినీళ్లు ఇప్పిస్తారా అని. ఎదురుగా కుళాయి. దిగి తాగకూడదా? నేనేమన్నా దాని పాలేరునా? వినపడనట్టు పోయా. ఏంటి, మిషను ఆపేశావు? కరెంటు పోయిందా?"

"లేదు. నేనే ఆపా."

"అట్టా చూస్తావేంటి?"

"చెప్పనని ఆయనకి మాటిచ్చా బాబాయ్."

"ఏంటది? ఉందా లోపం?"

"ఉంది. అది బయటికొస్తే బాపట్ల బేరాలన్నీ మీకే."

"చెప్పు మరి."

"ఆ ర్యాంపు నేను గుర్రానికి చెయ్యలేదు."

"గుర్రం బండికి గుర్రానికి కాక ఇంకెవరికి చేస్తావు?"

"చుక్కకి పాత చెక్క పలక చాలేది. ఇది చక్రాల కుర్చీకి. వాలు తగ్గాలని అంత పొడుగు. చక్రం జారకుండా రబ్బరు. అంచు దాటకుండా పట్టీ. పైపులు ఆవిడ పట్టుకోడానికి."

"ఎవరు పట్టుకోడానికి?"

"సుజనమ్మ. మిద్దె మీంచి పడింది. నడుం కింద చచ్చుబడిపోయింది."

"పూలు పెట్టుకునుందయ్యా."

"పూలు తలకాయలోగా పెట్టుకునేది."

"మరి వాడెవరికీ చెప్పలేదే."

"పెళ్లింటి ముందు అట్టాంటి మనిషి కనపడితే శకునం బాలేదంటారని. ఇంక గుర్రాన్ని ఎవరు పిలుస్తారు? జనం పెళ్లికొడుకు చుట్టూ మూగాక, పైపులు బిగించి, మెల్లిగా దించి, గోడ పక్కన కూచోబెడతాడు. ఆవిడకి మేళమంటే ఇష్టం."

"ఇంట్లో ఉండొచ్చుగా."

"ఉండనందంట. పెళ్లయిన కాణ్ణించి ఆయన వెంట తిరిగిన మనిషి. కాళ్లేగా పోయింది, నేను పోలేదుగా, నన్నూ ఎక్కించుకో అందంట. ఆ మాట చెప్తా ఆయన నవ్వాడు, ఇక్కడే, మీరు నిలబడ్డ చోట."

"ఆ తుండుగుడ్డ ఇటివ్వు రాజూ."

"నోరు జారా బాబాయ్. ఇంక మీ ఇష్టం. మంచినీళ్ల మాట చెప్పకపోతే నేను చెప్పేవాణ్ణి కాదు. అదేంటి, ఫోను తీశారు? ఎవరికి?"

"ఆగు."

"బాబాయ్, ఎవరికి చేస్తన్నారు?"

"ఆగవయ్యా, మోగుతంది. హలో, మేనేజరు గారా. నేనండి, రేపల్లె ఉమాశంకర్‌ని. గుర్రం. ఆ, ఆ. ఆ దేవదానం సంగతి ఒకటి చెబుదామని."

"బాబాయ్."

"అవునండి, ఆ ర్యాంపు మనిషే. శుక్రవారం మీ దగ్గర పెళ్లికి అతని గుర్రమే కదా. ఏం లేదండి, ఆ ర్యాంపు కింద రబ్బరు వేసి ఉందంట. గచ్చుకేం కాదు. నేనే సరిగా చూడలా. దించుకోనివ్వండి. లేదండి, నాకేం చుట్టం కాదు. వాడంటే నాకు పడను కూడా పడదు. అయినా దించుకోనివ్వండి. ఇంకోటి, బండిని ఆ కుళాయి పక్కన పెట్టించండి. ఎందుకంటే ఎందుకో. గుర్రం నీళ్లు తాగుద్ది. ఉంటానండి."

"టీ తెప్పించనా బాబాయ్?"

"వద్దు. ర్యాంపు నువ్వన్నట్టు సగమే చెయ్యి."

"రబ్బరు?"

"వద్దు."

"పోనీ పక్కన గొట్టాలు అతికించి ఉంచుతా. ఎప్పుడన్నా కావాలంటే పైపులు గుచ్చుకోవచ్చు."

"ఎవరికి రాజూ? మా పద్మజకి కాళ్లు రెండూ బాగానే ఉన్నాయి. ఎన్నిసార్లు రమ్మన్నా ఒక్క పెళ్లికి రాలేదు."