ఎడమ ట్రేలోని పెళ్ళి కాగితం

నా పేరు బొల్లా అరుణశ్రీ. వయసు ఇరవై మూడు. మా ఊరు తణుకు దగ్గర వేల్పూరు. ఏడో తరగతి వరకు చదువుకున్నాను. నా భర్త కృష్ణచైతన్య కంప్యూటర్ ప్రోగ్రామర్, నాకు మేనమామ కొడుకు. ఆయన ఉద్యోగం కోసం ఈ దేశం వచ్చి, యూ టీ అనే పేటలో ఆరో అంతస్తు ఫ్లాట్‌లో అద్దెకుంటున్నాం. బెంకూలెన్ వీధి వెనక ఒక యూదు కుటుంబం తమవాళ్ళ పాత కాగితాలు, ఫొటోలు, ప్రార్థన పుస్తకాలు దాచిన గదిలో పది నెలలుగా సహాయకురాలిగా పనిచేస్తున్నాను. నాకు ఇంగ్లీషు కొంచెమే వచ్చు. తెలుగులో చెబుతున్నాను. నాగమల్లేశ్వరి గారు ఇంగ్లీషులోకి మార్చి చెబుతున్నారు. ఈ రోజు 2000 ఆగస్టు 25, శుక్రవారం. ఉదయం 10.20 అయింది.

బుధవారం మీ పోలీసువాళ్ళు మా ఫ్లాటుకు వచ్చి అడిగినప్పుడు నాకేమీ తెలియదన్నాను. అది అబద్ధం. ఇప్పుడు చెప్పేది నిజం.

ఆ గది మోజెల్ ఆంటీది. ఆవిడకు ఎనభై ఒకటి. కలకత్తాలో పుట్టారు, అందుకే నన్ను బేటీ అంటారు. రూబెన్ సార్ ఆవిడ తమ్ముడి కొడుకు. ఫిర్యాదు ఇచ్చింది ఆయనే.

కాగితాల మీద దుమ్ము మెత్తటి కుంచెతో దులపడం, పురుగుందేమో చూడడం, మూలన పెన్సిల్‌తో నంబరు వేయడం, ఫోల్డరులో పెట్టడం నా పని. పెన్ను ముట్టుకోకూడదు. ఆ అక్షరాలు నాకు చదవడం రాదు. కుడి నుంచి ఎడమకు రాస్తారని మాత్రం తెలుసు.

బల్ల మీద రెండు ట్రేలుంటాయి. కుడి ట్రేలోవి దాచేవి. ఎడమ ట్రేలోవి ఇక బాగుచేయలేని ప్రార్థన పుస్తకాల పేజీలు. వాటి మీద వాళ్ళ దేవుడి పేరుంటుంది కాబట్టి చెత్తలో వేయరు. తలుపు పక్కనున్న చెక్కపెట్టెలో వేస్తారు. పెట్టె నిండాక చోవా చూ కాంగ్ శ్మశానంలో, వాళ్ళవాళ్ళ సమాధులున్న చోట, మనిషిని పూడ్చినట్టే పూడుస్తారు. ఆంటీ మొదటిరోజు ఈ సంగతి చెప్పగానే నేను పేజీని కళ్ళకద్దుకొని పెట్టెలో వేశాను. ఆవిడ నవ్వారు.

"నీకు నేను నేర్పేదేముంది బేటీ!" అన్నారు.

ఇక్కడ మా క్యాలెండరు సంగతి చెప్పాలి. 1999 డిసెంబరు కాగితం మీద మా దేవుడు వేంకటేశ్వరస్వామి బొమ్మ ఉంది. ఏడాది అయిపోయాక దాన్నేం చేయాలో తెలియలేదు. మా ఊళ్ళో అయితే కాలువలో వదిలేవాళ్ళం. ఇక్కడ మా బ్లాకు వెనక కాలువ ఉంది కానీ, పక్కనే చెత్త వేస్తే జరిమానా అని బోర్డు ఉంది. మా బావని అడిగాను.

"చ్యూట్‌లో పడెయ్యవే. ఆరంతస్తులు జారితే స్వామివారికీ ఓ రైడ్ అవుద్ది" అన్నాడు.

చ్యూట్ అంటే వంటింటి గోడలో చెత్త జారవేసే గొట్టం. చేప పొలుసులూ తొక్కలూ అన్నీ అందులోనే పడతాయి. నేను కాగితం మడిచి హ్యాండ్‌బ్యాగులో పెట్టుకున్నాను. ఎనిమిది నెలలు అక్కడే ఉంది.

శనివారం వాళ్ళకు సెలవు, ఆదివారం పని ఉంటుంది. ఆగస్టు 20 ఆదివారం పెట్టె తీసుకువెళ్ళే రోజు. ఉదయం 11 గంటలకు ఎడమ ట్రేలో ఒక పెద్ద కాగితం చూశాను. అంచుల్లో దానిమ్మపళ్ళు, పైన రెండు చేపలు. మధ్యలో పురుగు కొట్టేసి మూడు ముక్కలైంది. అది ఆంటీ వాళ్ళమ్మ పెళ్ళి కాగితమని, సోమవారం బాగుచేసే మనిషి వస్తాడని, కుడి ట్రేలో చోటులేక రూబెన్ సార్ శుక్రవారం సాయంత్రం ఇటు పెట్టారని అప్పటికి నాకు తెలియదు. ఇంత అందమైన దాన్ని ఎందుకు పూడుస్తారా అని ఒకసారి అనిపించింది. ఆంటీ కుర్చీలో కునుకు తీస్తున్నారు. లేపి అడగడానికి మొహమాటపడ్డాను. సార్, అది కూడా రాయండి. మొహమాటపడ్డాను.

ముక్కలు చెదరకుండా దేంట్లోనైనా చుట్టాలనుకున్నాను. అప్పుడు నా బ్యాగులోది గుర్తొచ్చింది. రెండూ దేవుడి కాగితాలే, రెంటికీ ఒకే దారి దొరికిందనుకున్నాను. బొమ్మ లోపలికి, వెనకనున్న తెలుగు అక్షరాలు బయటికి వచ్చేలా మూడు ముక్కల్నీ అందులో చుట్టి, కళ్ళకద్దుకొని, పెట్టెలో అన్నిటికన్నా పైన పెట్టాను. 11.40కి మూతకు మేకులు కొట్టారు.

మధ్యాహ్నం 3.15కి పూడ్చారు. మా ఇల్లు అటువైపే కాబట్టి ఆంటీ నన్నూ వ్యానులో తీసుకెళ్ళారు. నేనూ ఒక పిడికెడు మట్టి వేశాను. తిరిగి వస్తూ, "మీ దేవుడు ఎలా ఉంటాడు ఆంటీ?" అని అడిగాను.

"మా దేవుడికి బొమ్మ ఉండదు బేటీ. బొమ్మ చేసి మొక్కడమే మాకు అన్నిటికన్నా పెద్ద తప్పు" అన్నారు.

నా చేతికి ఇంకా మట్టి ఉంది.

సోమవారం పెళ్ళి కాగితం కోసం గదంతా వెతికారు. నేనూ వెతికాను. లేదని తెలిసీ వెతికాను. మంగళవారం రూబెన్ సార్, "ఇలాంటివి బయట కొనేవాళ్ళుంటారు" అని నావైపు చూశారు. ఇంట్లో మా బావ, "నా వర్క్ పాస్ రెన్యువల్ సెప్టెంబర్లో ఉందే. కేసంటే ఇద్దర్నీ ఫ్లైటెక్కిస్తారు. తెలీదను, అంతే" అన్నాడు. అది భయంతో అన్న మాట. ఆయనకు పెట్టె సంగతి ఇప్పటికీ తెలియదు.

నిన్న గురువారం సాయంత్రం 4 గంటలకు ఆంటీ నా ముందే రూబెన్ సార్‌ను పిలిచారు.

"ఆ పిల్లను వదిలెయ్. నేనే ఎక్కడో పెట్టి మరిచిపోయుంటాను. అమ్మ పెళ్ళి కాగితమే గుర్తులేనిదాన్ని, ఇక ఈ గది నాకెందుకు?" అంటూ నడుముకున్న తాళంచెవులు తీసి బల్ల మీద పెట్టారు. నలభై ఏళ్ళ నుంచి అవి ఆవిడ నడుముకే ఉన్నాయట. నడుము తడుముకుంటూ గది బయటకు వెళ్ళారు.

రాత్రి నాకు అన్నం సహించలేదు. ఈ ఉదయం బావకు చెప్పకుండా బస్సెక్కి వచ్చాను.

పెట్టె తవ్వించండి. మూత తీయగానే పైన తెలుగు అక్షరాల కాగితం కనిపిస్తుంది. దాని లోపల మా స్వామి బొమ్మ, బొమ్మ మీద పెళ్ళి కాగితం మూడు ముక్కలు. నేను దొంగను కానని తెలుస్తుంది. వాళ్ళ పెట్టెలో బొమ్మ పెట్టానని కూడా తెలుస్తుంది. రెండూ నిజమే. దానికి ఏ శిక్ష వేసినా పడతాను. ఆంటీ మతిమరుపు మనిషి కాదని మాత్రం ఆవిడకు ఈ రోజే చెప్పండి. తవ్వేదాకా ఆగొద్దు. ముందు తాళంచెవులు ఇప్పించండి.

మా కాగితానికి మట్టి అంటినా, చిరిగినా చెత్తలో వేయొద్దు. నాకివ్వండి. మళ్ళీ బ్యాగులో పెట్టుకుంటాను.

పైన రాసిందంతా నాగమల్లేశ్వరి గారు నాకు తెలుగులో రెండుసార్లు చదివి వినిపించారు. మేకులు కొట్టిన టైము ఒకటి తప్పు పడితే దిద్దించాను. ఎవరి బలవంతం లేకుండా, నాకు తెలిసింది తెలిసినట్టు చెప్పాను.

(సంతకం) బొ. అరుణశ్రీ
25-8-2000, మధ్యాహ్నం 12.05