గంట చేను సబీనా

ఆ కాగితం ఇలా తే డెలియా. రాయి చెక్కేవాడు పేరు అడిగాడా? అడగడూ మరి, మా మేనత్త సబీనా పోయి నలభై ఏళ్ళు, ఆ సమాధి మీద రాయి ఇంకా బోడిగానే ఉంది. నువ్వేం రాశావు, సబీనా వియర్ అనా? కొట్టెయ్ తల్లీ. కూర్చో, ఆ టీ చల్లారనీ.

మన ఇంటిపేరు మాక్ అన్ వీర్. మన ఐరిష్ భాషలో కాపరి కొడుకని అర్థం. గొర్రెలకి కాదులే, గొర్రెల కాపరినైతే నేనింత బీదగా ఉండేవాణ్ణి కాదు. గంటకి. సాధువు వదిలిపోయిన ఇనుప గంట, అడుగున చిల్లి, మోగిస్తే దగ్గినట్టుంటుంది. ఊళ్ళో ఇద్దరికి తగువొస్తే మనవాళ్ళు దాన్ని శాలువాలో చుట్టి తీసుకెళ్ళేవాళ్ళు. తగువు పడ్డవాళ్ళు దానిమీద చెయ్యేసి ప్రమాణం చెయ్యాలి, అబద్ధమాడితే మూతి వంకరపోతుంది. ఆ సేవకి మన ఇంటికో చేను, శిస్తు లేకుండా. జమీందారు గుమాస్తాకి మన పేరు పలకడానికి నోరు తిరగలేదు, భూముల పటంలో వియర్ చేను అని రాసేశాడు. మనమూ సరే పోనీ అనుకున్నాం. అదే కొంప ముంచింది.

ఎందుకంటావా? రేవులో దుకాణం పెట్టిన అలెగ్జాండర్ కూడా వియరే మరి. వాళ్ళ తాత స్కాట్లండు నుంచి పడవలో వచ్చాడు. భూములు పంచే దొరలు ఊరి బళ్ళో కచేరీ పెట్టినప్పుడు ఇతను లేచి, పటంలో ఉన్న వియర్లు మేమేనన్నాడు. గంట మా తాతదే, అత్తని చూపించి ఈవిడ వాళ్ళు ఎత్తుకెళ్ళారన్నాడు. ఎంత మెత్తగా చెప్పాడనుకున్నావ్, నేనే సగం నమ్మాను. మనకి రసీదెక్కడిది, శిస్తే కట్టకపోతిమి! ఊరివాళ్ళా? పిండీ, దీపాల నూనే అతని దగ్గరే కొనాలి. అందరూ బూట్లు చూసుకుంటున్నారు. చేను పోతే అత్తకి తిండి లేదు, అమెరికా పడవే గతి.

అప్పుడు నాకు పౌరుషం వచ్చింది. ఇరవై ఏళ్ళవాణ్ణి, బుర్ర ఇంకా రాలేదు. "గంట తియ్యత్తా, నేను ప్రమాణం చేస్తా" అని దూకాను. అత్త నావైపు చూడనైనా లేదు. మడమతో నా పాదం మీద ఒక్కటి తొక్కింది. ఈ కుంటినడక అప్పటిదే. యుద్ధంలో తగిలిందని మీ నాయనమ్మకి చెప్పుకున్నాను, నువ్వు చెప్పకు.

నేను కుయ్యిమని కూలబడగానే అలెగ్జాండర్ నవ్వాడు. "చూశారా దొరా, వీళ్ళకి దానిమీద చెయ్యెయ్యాలంటే భయం." అత్త గంట చుట్టిన శాలువా విప్పింది. "భయమే నాయనా, నీకు లేదుగా?" అంది, కోడిపిల్లని పిలిచినంత ముద్దుగా. అతను గంటమీద అరచెయ్యి ఆన్చి, నేను ఈ గంట కాపరుల వంశంవాణ్ణని ఖంగుమని ప్రమాణం చేశాడు.

వెనకనుంచి ముసలి ఫెస్టీ కోయిన్ మెల్లగా లేచాడు, టోపీ తీశాడు. "దొరవారూ, కాపరి ఇంటివాడు గంట పట్టుకుంటాడు. దానిమీద ప్రమాణం చెయ్యడు. మా తాతల నాటినుంచి ఏ కాపరీ చెయ్యలేదు. వాడి నోటిమాట చాలు." దొర ఒక్కొక్కరినీ లేపి అడిగాడు. పిండి కొనేవాళ్ళు, నూనె కొనేవాళ్ళు, ఆఖరికి దుకాణంలో తూకం వేసేవాడు కూడా, "చెయ్యరండీ" అన్నారు. ఒకడు చెప్పాక అందరికీ నోళ్ళొచ్చాయి. దొర అత్తని అడిగాడు, మరి మీరేమంటారమ్మా అని. "చేను మాది" అంది. అంతే. అంతే రాసుకున్నాడు.

ఆ సాయంత్రం అత్తని బండెక్కించి రేవు వీధిలోంచే తిప్పాం, దుకాణం ముందు రెండుసార్లు. గంట దగ్గుతూనే ఉంది. నన్నూ భుజాలమీద మోశారు, పౌరుషానికి కాదు, నడవలేక.

అలెగ్జాండర్ మూతా? వంకరపోలేదమ్మా. ఇంకో ఇరవై ఏళ్ళు నిక్షేపంగా ఉన్నాడు. కాకపోతే పిండి కొనేవాళ్ళు తక్కెడ మానేసి అతని మూతి చూసేవాళ్ళు. ఉండబట్టలేక దుకాణంలో అద్దం వేలాడదీసుకున్నాడు పాపం.

రాశావా? సబీనా మాక్ అన్ వీర్. కింద ఇంకేం వద్దు. ఏమిటీ, ఇదంతా నిజమని ఎలా నమ్మాలా?

కాపరి ఇంటివాణ్ణి, నా నోటిమాట చాలు. చేను గేటు వేసొచ్చావా లేదా? ఆవు బంగాళాదుంపల్లో పడుతుంది, పో.