కాపలా కుక్కకి పెరుగన్నం

అమెరికాలోని క్యారీ ఊరి చివర పశువుల ఆస్పత్రిలో, కుంటుతున్న తెల్ల కుక్కపిల్ల మెడపట్టీ వదలకుండా నిలబడిందామె. మేకల మందకు కాపలా ఉంటుందని భర్త తెచ్చిన పిరనీస్ జాతి పిల్ల అది. డాక్టరు తెలుగాయనే కావడంతో ఆమెకు కాస్త ధైర్యం వచ్చింది.

"ఏం పెడుతున్నావమ్మా దీనికి?"

"డాగ్ ఫుడ్ కాక, నెయ్యేసిన పెరుగన్నమండీ. ఎముకలకని కాల్షియం పొడి కూడా."

"ఎన్ని పూటలు?"

"అడిగినప్పుడల్లా."

"కుక్క నోరు తెరిచి అడుగుతుందా?"

"చూస్తుంది కదండీ."

"ఈ జాతి పిల్లలు నిదానంగా పెరగాలి తల్లీ. ఒళ్లు ముందు పెరిగిపోతే లేత కాళ్లు మోయలేవు. ఇలాగే పెడితే ఇది మేకల వెంట తిరగలేదు. ఆ పొడి మానెయ్యి. డాగ్ ఫుడ్ ఒక్కటే, కొలిచి మూడు పూటలు పెట్టు. తడిమితే పక్కటెముకలు చేతికి తెలియాలి."

"ఎముకలు తగిలితే నా ప్రాణం ఊరుకోదండీ. మొన్న గుడివాడ నుంచి మా పాప ఫొటో వచ్చింది. మెడ కింద ఎముకలు కనిపిస్తున్నాయి."

"పాప అక్కడుందా?"

"మేమిద్దరం పనికి పోతే చూసేవాళ్లు లేరని, పాపకి ఎనిమిదో నెలలో మా అమ్మ దగ్గర వదిలొచ్చాను. ఇప్పుడు రెండేళ్లు. అప్పట్నుంచీ నా చేతి ముద్ద ఒక్కటీ తినలేదు."

డాక్టరు కుక్క చెవులు నిమిరాడు.

"నడక వచ్చాక పిల్లలంతా సన్నబడతారమ్మా. పాపకేం కాలేదు. దీని విషయంలో మాత్రం కడుపు మాడ్చినట్టున్నా ఓర్చుకోవాలి నువ్వు."

"ఓర్చుకుంటానండీ. అది తిన్నంతసేపూ పక్కన కూర్చోవచ్చా?"

"కూర్చో. చేతిలో ముద్ద పట్టుకుని మాత్రం కూర్చోకు."

"మరి ఈ చేతులు ఏం చేసుకోనండీ?"