గచ్చు కింద గుండం

(ఆదోనిలో ఒక నూనె మిల్లు. 1979 నవంబరు, అమావాస్య మరునాటి సాయంత్రం. బాయిలర్ గదికీ షెడ్డుకూ నడుమ వేరుశనగ కాయలు ఎండబోసే సిమెంటు కళ్ళం. మిల్లు మేస్త్రీ గోవిందన్న, గచ్చు కొట్టే హుసేనప్ప.)

"సుత్తె ఏంటికి దించినావు?"

"ఈడికి సాలు మేస్త్రీ."

"సాలంటే? బాయిలర్ కాడి నుంచి సగం కొట్టుకొస్తివి. తక్కిన సగం ఎవురు కొడతారు, మీ నాయనా?"

"మా నాయనే ఉంటే ఈ గచ్చు పోసే దినమే అడ్డం పండుకునేటోడు."

"హుసేనప్పా, సుద్దగీత కనపడతాందా లేదా? సావుకారే నిలబడి గీయించినాడు. పప్పుకు ఆవిరి పట్టకుంటే నూనె దిగదు. ఆవిరి పైపు గచ్చు కిందనే పోవల్ల, పైన లారీలు తిరుగుతాయి. రేపు పైపులోళ్ళు వస్తారు."

"రానీ. గీత యాడికి పోతాందో నీకు తెల్దా?"

"షెడ్డులోకి."

"షెడ్డుకు ముందర ఏముండాది?"

"గచ్చు."

"గచ్చు కింద?"

"ఏముంటాది, మన్ను."

"మన్నేనా? ఆ గోడ అవతల పీర్ల సావిడి. సావిడి ముందర ఈ జాగాలో మా తాతల నాటి నుంచి మొహర్రానికి నిప్పులు పోసే పీర్ల గుండం. సావుకారి జాగా కొని, గోడ కట్టి, గుండం మీద సిమెంటు పోయించి మూడేండ్లాయ. మూడేండ్లు పీర్లు నిప్పు లేకుండానే లేచి పోయినాయి. ఇప్పుడు దాంట్లోకి నేను ఉలి దించల్ల, మీరు పైపు పండబెట్టల్ల. సేయను."

"పొద్దున ఏంటికి ఒప్పుకుంటివి మల్ల?"

"మూల కాడ గీత మలుపుతారనుకుంటి. ఇప్పుడైనా మలుపు. సుట్టూ తిప్పి కొడతా."

"తిప్పితే ఆవిరి సల్లబడతాది. సావుకారి ఒప్పడు."

"అడిగినావా?"

"అడగల్లా?"

"అడగలేదన్నమాట."

"ఎమ్మిగనూరు నుంచి ఇంకొకన్ని పిలిపిస్తా."

"పిలిపించు. గీత మీద నేను పండుకుంటా. ముందు నన్ను కొట్టి, ఆనక గచ్చు కొట్టల్ల."

"నీ మొండితనం తెలిసే పీరా సాబును రమ్మన్నా. సావిడిలో పీర్లను సూసుకునే ముజావరు ఆయప్పే కదా. ఆయప్ప సెప్తే వింటావు కదా?"

"ఆయన వద్దనే అంటాడు."

"అదో, వస్తాండాడు. రా సాబూ, రా. నువ్వైనా ఈనికి సెప్పు."

"సలామప్పా. ఏంరా హుసేనప్పా, పని మీదికొచ్చి అలిగినావంట?"

"అలక కాదు తాతా. గుండాన్ని నా సేత్తో పగలగొట్టమంటాండారు."

"నాలుగు మంచి మాటలు సెప్పు సాబూ. అవునూ, సంకలో ఆ మూటేంది?"

"చక్కెర."

"చక్కెర ఏంటికి?"

"ముసలి నోరు కదప్పా, ఊరికే సేదు పుడతాది. గోవిందన్నా, ఈడ కొట్టమనింది నువ్వా, సావుకారా?"

"సావుకారే."

"సొంత నోటితో?"

"సొంత నోటితోనే. ఎన్ని తూర్లు సెప్పల్ల?"

"సరే. కొట్టు హుసేనప్పా."

"తాతా!"

"కొట్రా అంటాండా."

"హమ్మయ్య! విన్నావా? ముజావరు నోటితోనే వచ్చింది."

"నీకు మతి పోయిందా తాతా? నా రొమ్ము మీద కొట్టుకోమను, కొట్టుకుంటా. గుండం మీద మాత్రం కొట్టను."

"అరె, నోరు ముయ్. నిన్న ఏం దినం?"

"అమాస."

"ఈ పొద్దు ఏం కనపడతాది?"

"నెలవంక."

"ఏ నెల?"

"పీర్ల నెల..."

"పీర్ల నెల వంక కనపడిన పొద్దు గుండానికి మొదటి గుద్దలి ఎవురింటోళ్ళు ఎయ్యల్ల? మా సాబులా?"

"కాదు. మా ఇంటోళ్ళు."

"మీ తాత ఏసె, మీ నాయన ఏసె. ఇప్పుడు నీ వంతుకు గచ్చు అడ్డమొచ్చె. ఒక్కతూరి తెరువప్పా అని సావుకారి గడప కాడ నేను పడిగాపులు పడితి. కుక్కను తోలినట్ల తోలిరి. ఈ పొద్దు వాళ్ళే పగలగొట్టు, పగలగొట్టు అని నీ కాళ్ళా వేళ్ళా పడతాండారు. నువ్వేమో మూతి ముడుచుకోని కూసుంటివి. పిచ్చి నాయాలా, తెరువురా!"

"తాతా... సుత్తె యాడ పెడితి? సుత్తె..."

"నీ కాళ్ళ కాడే ఉండాది."

"ఆగండాగండి! సాబూ, కాలవ మాత్రమే. మూరెడు ఎడల్పు, అంతే."

"మూరెడు సాలప్పా. నిప్పు పట్టేంత గుంత ఉంటే మా పీర్లు సరిపెట్టుకుంటాయి."

"నిప్పా? నేను నిన్ను పిలిపించింది..."

"నువ్వు పిలిపించకుంటే ఈ గేట్లోకి నన్ను ఎవురు రానిస్తారు? పుణ్యం నీదే. ఈ అగ్గిపెట్టె పట్టుకో, ఊదు ముట్టించు."

"నాకేంటికి ఇస్తాండావు!"

"నా సంకలో మూట ఉండాది, పట్టుకో. హుసేనప్పా, ఎయ్యి!"

"యా హుసేన్!... యా హుసేన్!... ఎగిరింది తాతా, గచ్చు ఎగిరింది! మన్ను నల్లగా ఉండాది. బూడిద తాతా, మన బూడిదే!"

"మెల్లగారా. ఏడుస్తా కొట్టగాకు, సేతికి తగులుతాది. గుద్దలి పడిన పొద్దు పంచే చక్కెర ఇది, నోట్లో ఏసుకో. గోవిందన్నా, నువ్వూ."

"సరే, తింటి. ఇంగ అయిపోయింది కదా. రేపు పైపు పెట్టి బండలు మూసేద్దాం."

"అదెట్ల మూస్తావు? గుద్దలి పడినాంక, పీర్లు నీళ్ళకు పోయేదాక గుండం పూడ్చరాదు. పది దినాలు."

"పది దినాలా! కాయల లారీలు గేటు కాడ నిలిచినాయి. సావుకారి నా తోలు ఒలుస్తాడు!"

"ఒలవనీ. గుద్దలి పడిన గుండంలో పైపు పెట్టేటోడు ఉంటే పిలుచుకోరా మేస్త్రీ. ఇందాక ఎమ్మిగనూరు అంటివే, పో. ఆడ లేకుంటే కౌతాళం పో. ఎవుడొస్తాడో నేనూ సూస్తా."

"ఇద్దరూ కలిసి నన్ను ముంచితిరి. నౌకరీ పోతాది సాబూ. బిడ్డలుండారు నాకు."

"గోవిందన్నా, పసిబిడ్డప్పుడు జ్వరమొచ్చి నువ్వు కండ్లు తేలేస్తివి. మీయమ్మ నిన్ను ఎత్తుకోని యాడ నిప్పులు తొక్కింది?"

"అదంతా ఇప్పుడేంటికి?"

"యాడ తొక్కింది?"

"...ఈడనే."

"ఈడ సిమెంటు పోసే దినం నువ్వే నిలబడి పోయిస్తివి. నేను ఒక మాటన్నా అంటినా?"

"అనలేదు. అనింటే బాగుండు."

"ఇప్పుడూ అనను. పో, సావుకారికి సెప్పుకో. నీ మీద నాకు కోపం లేదు."

"ఏం మేస్త్రీ, అట్లనే నిలబడితివి? పో. పోలీసోళ్ళను తెచ్చుకో. మేము ఈడ నుంచి లేసేది లేదు."

"అరవగాకు హుసేనప్పా. నిప్పుకు కట్టెలు యాడియి మీకు?"

"ఇంటింటికీ పోయి అడుక్కుంటాం. నీకేంటికి?"

"అడుక్కునేదేంటికి? బాయిలర్ గదిలో చింతమొద్దులు నిండుగా ఉండాయి. తాళం సెయ్యి నా మొలతాడుకే ఉండాది. దా."