పదో మెట్టు

వరండాలో అత్తగారి కుట్టుమిషను. పక్క బల్ల మీద కోడలి కంప్యూటరు.

“ఇది మూడో మాసిక, అమ్మాయ్! చినుకైనా లేదు, మీ మామయ్య ప్యాంటు వెనక రోజూ తడే, గుడ్డ చివికిపోతోంది. కట్టకి కాపలా కాస్తున్నారో, చెరువులో ఈత కొడుతున్నారో!”

“ఒక్క నిమిషం అత్తయ్యా. ఆ కట్ట లోపల నీటి గీత ఎంతెత్తున ఉందో మూడింటికల్లా చెప్పాలి.”

“మట్టి లోపలిది ఎవరికి కనిపిస్తుంది?”

“కనిపించదు కనకే లెక్క. గీత తెలిస్తేగానీ నీళ్లెలా ఊరుతున్నాయో తేలదు. ఎలా ఊరుతున్నాయో తెలిస్తేగానీ గీత తేలదు.”

“బాగుంది సంబడం! మరెలా?”

“ఓ గీత ఊహించుకోవడం, లెక్క చూడటం, తప్పయితే జరపడం.”

“జరుపు మరి.”

“జరుపుతున్నాగా! ఒక మీటరు దగ్గర పెడితే ఐదంటుంది. ఐదు దగ్గర పెడితే ఒకటంటుంది. పొద్దున్నుంచీ ఇదే ఉయ్యాల.”

“తప్పు ఎంతుంటే అంతా జరిపేస్తున్నావా?”

“మరి?”

“పిచ్చిదానా! జాకెట్టు రెండంగుళాలు వదులైతే రెండూ ఒకేసారి పట్టేస్తామా? సగం పట్టి, తొడిగి చూస్తాం. మిగిలిందాంట్లో మళ్లీ సగం.”

“సగం... సగమే... ఉండండి, ఉండండి!”

“ఉన్నాను. నేనెక్కడికి పోతాను?”

“మూడుంబావు... మూడు... మళ్లీ మూడే! నిలిచింది అత్తయ్యా!”

“మీ ఆఫీసులో నాకూ ఓ కుర్చీ వేయించు. అదేమిటి, మొహం అలా పెట్టావ్?”

“ఊరిన నీళ్లు కట్ట అడుగునున్న రాళ్లలోంచి పోవాలి. మూడు మీటర్ల ఎత్తున బయటికొస్తుంటే వాలు నాని జారిపోతుంది.”

“అయితే చెప్పెయ్.”

“చెబితే చెరువులో నీళ్లు సగం వదిలెయ్యాలి. నా లెక్క తప్పయితే పంటలెండుతాయి. కట్ట పొడిగానే ఉందని మా ఆఫీసరు ఒకటే వాదన. నాకు భయంగా ఉందత్తయ్యా. ఒక్క సాక్ష్యం దొరికితే...”

“మూడు మీటర్లంటే ఎక్కడికి?”

“బయటివైపు మెట్లున్నాయిగా, వాటిల్లో పదోది.”

“పదోదా? చెట్టు నీడ పడేదా?”

“అదే. ఏం?”

“మీ ఆఫీసరుకి తరవాత చెబుదువుగాని, ముందా ఫోనిలా ఇయ్యి. మీ మామయ్య ఇప్పుడూ దాని మీదే కూర్చుని ఉంటారు.”